గేమింగ్ పీసీ.. పల్లకీ మోసేదెవరు?

మొదటిసారి సొంతంగా కంప్యూటర్ కట్టుకోవాలనుకుంటున్నారా? అయితే గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు ఓ తెల్లకాగితం, పెన్ను తీసుకోండి. రాత్రి గేమ్ ఆడే ఆ పెట్టె ముందే రేపు ప్లేస్‌మెంట్ పరీక్షకూ కూర్చోవాలి మరి!

ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన స్టైపెండో, ట్యూషన్లు చెప్పి దాచుకున్నదో, నెలల తరబడి బతిమాలితే నాన్న సరేనన్నదో.. చేతిలో కొంత డబ్బుంది. ఫోన్‌లో ఆడి ఆడి విసుగొచ్చింది. ఇక ఓ గేమింగ్ పీసీ కట్టేయాల్సిందే అనుకున్నారు. స్నేహితుల్ని అడగ్గానే తలా ఒక జాబితా పంపించారు. ఒకరి జాబితాలో ప్రాసెసర్ అదిరిపోతోంది. ఇంకొకరి దాంట్లో గ్రాఫిక్స్ కార్డే సగం బడ్జెట్ తినేసింది. మరొకరైతే రంగురంగుల లైట్ల ఫ్యాన్లు ఆరు పెట్టారు.

ఆ జాబితాలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. చాలావాటిలో ఒకటే లోపం కనిపిస్తుంది. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేదెవరు? వీడియోల్లో మెరిసేవి గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్. వాటిని నాలుగేళ్లపాటు మోసేవి మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ లాంటివి. వీటి గురించి ఎవరూ గొప్పలు చెప్పుకోరు. అందుకే డబ్బు చాలనప్పుడు కోత పడేదీ వీటిమీదే. ఆర్నెల్ల తర్వాత ఇబ్బంది పెట్టేవీ ఇవే.

బడ్జెట్ పీసీకి సూత్రం ఒక్కటే: జాబితాలో బలహీనమైన భాగం ఏదో అదే మీ పీసీ స్థాయి. దాన్ని పట్టుకోవడం నేర్చుకుంటే మిగతా లెక్క దానంతటదే కుదురుతుంది.

ముందు పని.. తర్వాతే పార్టు

కాగితం మీద మొదట రాయాల్సింది మోడల్ నంబర్లు కాదు, మీరు చేసే పనులు. రెండు వరసలు గీయండి. ఒకదాంట్లో ఆడబోయే గేములు, రెండోదాంట్లో చదువుకు వాడబోయే సాఫ్ట్‌వేర్లు.

వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ గేములు మీ ఇష్టమైతే వాటికి ప్రాసెసర్ వేగం బాగా కావాలి. మధ్యస్థాయి గ్రాఫిక్స్ కార్డే సరిపోతుంది. సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటి పెద్ద కథా గేములైతే బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీదే. ఈ ఒక్క తేడాతోనే బడ్జెట్‌లో వేలరూపాయలు అటూఇటూ మారతాయి.

ఇక చదువు. ఆండ్రాయిడ్ స్టూడియోతో యాప్‌లు చేస్తారా? ఎమ్యులేటర్‌తో కలిపి దానికి గూగుల్ చెప్పే కనీస ర్యామ్ 16 జీబీ. మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులున్నాయా? ఆ రంగంలో ఎక్కువ పాఠాలు, ప్రోగ్రాములు ఎన్విడియా వారి కూడా వేదిక మీదే నడుస్తాయి. అది ఏఎండీ కార్డుల మీద పనిచేయదు. అంటే గేముల్లో అదే ధరకు ఏఎండీ కార్డు ఎక్కువ ఫ్రేములిస్తున్నా, మీ ఫైనలియర్ ప్రాజెక్టు కోసం ఎన్విడియా తీసుకోవడమే మేలు కావచ్చు. ఒకరికి మంచి జాబితా ఇంకొకరికి ఎందుకు మంచిది కాదో ఇక్కడే తేలిపోతుంది.

ఇంకో ప్రశ్న కూడా నిజాయతీగా వేసుకోండి. మీకు అసలు డెస్క్‌టాప్ కుదురుతుందా? హాస్టల్లో ఉంటూ నెలకోసారి ఇంటికెళ్లేవారికీ, రోజూ ల్యాబ్‌కి సొంత కంప్యూటర్ మోసుకెళ్లాల్సినవారికీ ల్యాప్‌టాపే దారి. ఒకేచోట ఉండేవారికి మాత్రం అదే డబ్బుకు డెస్క్‌టాప్ ఎక్కువ శక్తినిస్తుంది. ఒక్క భాగం చెడితే దాన్నే మార్చుకోవచ్చు. రేపు సంపాదన మొదలయ్యాక ఒక్కో భాగం పెంచుకుంటూ పోవచ్చు.

75 వేలంటే 60 వేలే!

‘నా బడ్జెట్ 75 వేలు’ అనుకుని మొత్తం సొమ్మును పెట్టె లోపలి భాగాలకే పంచేస్తుంటారు చాలామంది. తీరా చూస్తే మానిటర్ ఉండదు. ల్యాప్‌టాప్‌తో ఉచితంగా వచ్చేవన్నీ డెస్క్‌టాప్‌కి విడిగా కొనాలన్న సంగతి చివర్లో గుర్తొస్తుంది.

అందుకే ముందు బయటి ఖర్చు తీసేయండి. మానిటర్, కీబోర్డు, మౌస్, మైకు ఉన్న హెడ్‌సెట్, వెబ్‌క్యామ్, యూపీఎస్. మీరు ఎంచుకున్న బోర్డులో వైఫై లేకపోతే చిన్న వైఫై అడాప్టరో, రౌటర్ నుంచి లాన్ కేబులో కావాలి. వీటన్నిటికీ ఓ 15 వేలు పక్కన పెడితే పెట్టెకు మిగిలేది 60 వేలు. ఇంట్లో పాత మానిటరో, కీబోర్డో ఉంటే ఆ మేరకు మిగిలినట్టే.

ఆ 60 వేలను ఇలా పంచి చూడండి. ఇవి షాపు ధరలు కావు. ఒక్కో భాగానికి మీరు గీసుకునే గీతలు.

గ్రాఫిక్స్ కార్డు: 22,000
ప్రాసెసర్: 10,000
ర్యామ్: 8,000
మదర్‌బోర్డు: 7,500
ఎస్‌ఎస్‌డీ: 5,000
ఎస్‌ఎంపీఎస్: 4,500
క్యాబినెట్: 3,000

గేమింగ్ పీసీలో గ్రాఫిక్స్ కార్డు వాటా 35 నుంచి 40 శాతం మధ్య ఉంటే మిగతావాటికి ఊపిరాడుతుంది. సగం దాటిందంటే ఎక్కడో ఏదో ఆకలితో ఉన్నట్టే. బడ్జెట్ 50 వేలైనా లక్షైనా ముందు ఈ నిష్పత్తితో మొదలుపెట్టి, మీ పనులను బట్టి సర్దుకోవచ్చు.

ధరలు మాత్రం స్థిరంగా ఉండవు. ఉదాహరణకు 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు భారీగా మళ్లడమే కారణం. ఇలాంటప్పుడు ఒక గీత దాటితే ఇంకోచోట తగ్గించాలి. ఆ తగ్గించే వరస ముందే రాసిపెట్టుకోండి. మొదట లైట్లు, అందాలు. తర్వాత క్యాబినెట్. తర్వాత ప్రాసెసర్‌లో ఒక మెట్టు. ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డులో ఒక మెట్టు. ఎస్‌ఎంపీఎస్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ఎందుకో కిందికొస్తే తెలుస్తుంది.

ప్రాసెసర్, బోర్డు.. కలిపే చూడాలి

ప్రాసెసర్‌ను ఒక్కదాన్నే ఎంచుకోవడం కుదరదు. దాని సాకెట్ ఏదో బోర్డుది కూడా అదే కావాలి. మన బడ్జెట్‌లో ఎదురయ్యేవి ముఖ్యంగా మూడు దారులు.

ఏఎం4: ఏఎండీ పాత సాకెట్. డీడీఆర్4 ర్యామ్ వాడుతుంది. 6 కోర్లు, 12 థ్రెడ్లున్న రైజెన్ 5 5600 దీనికి సరిపడే ప్రాసెసర్. మొత్తం ఖర్చు తక్కువ. భవిష్యత్తు కూడా తక్కువే. కొత్త తరం ప్రాసెసర్లు ఈ సాకెట్‌కు రావు. తర్వాత పెంచుకోవాలంటే ఇదే తరంలోని 16 కోర్ల మోడళ్ల దాకానే.

ఎల్‌జీఏ 1700: ఇంటెల్ 12, 13, 14 తరాల సాకెట్. 6 కోర్ల కోర్ ఐ5-12400ఎఫ్, ఇంకా తక్కువలో 4 కోర్ల కోర్ ఐ3-12100ఎఫ్ ఈ దారిలోవే. ఈ బోర్డుల్లో డీడీఆర్4 తీసుకునేవి, డీడీఆర్5 తీసుకునేవి వేర్వేరుగా ఉంటాయి. ఒకే పేరు చూసి రెండోరకం ర్యామ్ కొంటే అది స్లాట్‌లో పట్టనే పట్టదు.

ఏఎం5: ఏఎండీ 2022లో తెచ్చిన సాకెట్. డీడీఆర్5 మాత్రమే. మొదట్లో ఖర్చెక్కువ. కానీ కనీసం 2027 వరకూ దీన్ని కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. ఉద్యోగం వచ్చాక ఒక్క ప్రాసెసర్ మార్చుకుంటే చాలనుకునేవారికి ఇది అనువు.

పేరు చివరి అక్షరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉందంటే అందులో సొంత గ్రాఫిక్స్ లేనట్టు. రైజెన్ 5 5600కి కూడా లేదు. గ్రాఫిక్స్ కార్డు పెట్టేదాకా వీటితో తెరమీద ఏమీ రాదు. అది తెలియక, కార్డు వచ్చే నెల కొందామని ఆగితే ఆ నెలంతా పీసీ అలంకారానికే.

బోర్డు విషయంలో నాలుగు సంగతులు చాలు. ర్యామ్ స్లాట్లు ఎన్ని? ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి ఎం.2 స్లాట్ ఉందా? వైఫై ఉందా? మీ ప్రాసెసర్‌ను బయాస్ గుర్తుపడుతుందా? ఈ చివరిది ముఖ్యం. బీ450 లాంటి పాత బోర్డు షాపులో చాలాకాలం పడి ఉంటే, బయాస్ అప్‌డేట్ చేయనిదే రైజెన్ 5000 ప్రాసెసర్‌తో ఆన్ కాకపోవచ్చు. అప్‌డేట్ చేసి ఇవ్వమని షాపులోనే అడగండి. ఏ ప్రాసెసర్‌కు ఏ బయాస్ వెర్షన్ కావాలో బోర్డు తయారీ సంస్థ సైట్‌లో ఉంటుంది.

‘4 జీబీ కార్డు’ అంటే ఏ కార్డు?

‘గేమింగ్ పీసీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్’ అని ప్రకటన కనిపిస్తే ఆగి మోడల్ పేరు అడగండి. జీటీ 730 అని జవాబు వస్తే వచ్చిన దారినే వెనక్కి తిరగండి. అది 2014 నాటి కార్డు. దాంట్లో 4 జీబీ మెమరీ ఉన్న మాట నిజమే. దాన్ని వాడుకునే శక్తే లేదు. చిన్న మోటారుకు పెద్ద ట్యాంకు కట్టినట్టు. మెమరీ అంకె వేగాన్ని చెప్పదు, మోడల్ చెబుతుంది.

పేరు ఒకటే అయినా సరుకు వేరు కావచ్చు. ఆర్‌టీఎక్స్ 3050నే తీసుకోండి. 8 జీబీది, 6 జీబీది అని రెండున్నాయి. తేడా మెమరీలోనే అనుకుంటే పొరపాటు. 6 జీబీ కార్డులో కోర్లూ తక్కువే, మెమరీకి దారీ ఇరుకే. దానికీ ఓ సుగుణం ఉంది. 70 వాట్లతో నడిచిపోతుంది, సాధారణంగా విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. పాత ఆఫీసు కంప్యూటర్‌కు ప్రాణం పోయాలనుకునేవారికి అది ఉపయోగం. కొత్త పీసీ కట్టేవారికి అంత లాభం కాదు.

1080పీ మానిటర్‌పై ఆడే బడ్జెట్ పీసీకి 8 జీబీ కార్డును కనీస మెట్టుగా పెట్టుకోండి. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 ఈ మెట్టుకు మంచి కొలబద్ద. 132 వాట్లతో నడుస్తుంది, సాధారణ గేముల్లో ఆర్‌టీఎక్స్ 3050ని స్పష్టంగా దాటేస్తుంది. మీ వాటాలో వచ్చే ఇతర కార్డులను దీనితో పోల్చి చూడండి. కాస్త పైకి వెళ్లగలిగితే 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 లాంటివి వస్తాయి.

చవగ్గా కనిపించే కార్డు మీ బోర్డుతో కలిసి ఎలా ఉంటుందో కూడా చూడాలి. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ బోర్డుతో నాలుగు లైన్ల మీద మాత్రమే మాట్లాడుతుంది. పీసీఐఈ 4.0 ఉన్న బోర్డులో ఫర్వాలేదు. ఏ520, బీ450 లాంటి 3.0 బోర్డుల్లో పెడితే ఆ దారి సగానికి పడిపోయి వేగం తగ్గుతుంది. పైగా దాంట్లో వీడియో ఎన్‌కోడర్ లేదు. ఆడుతూ రికార్డు చేసుకోవాలనుకునేవారికి అదో దెబ్బ. కార్డూ మంచిదే, బోర్డూ మంచిదే అన్నా జోడీ కుదరకపోవడమంటే ఇదే.

పరీక్ష వీడియోలు చూసేటప్పుడు సగటు ఫ్రేముల దగ్గరే ఆగిపోకండి. ‘1 శాతం లో’ అని ఇంకో అంకె ఉంటుంది. గేమ్ బాగా తడబడిన క్షణాల్లో ఎన్ని ఫ్రేములొచ్చాయో అది చెబుతుంది. సగటు 90 ఉండి, ఇది 30 ఉంటే ఆట మధ్యలో కుదుపులు తప్పవు.

ర్యామ్ రెండు ముక్కలుగా..

16 జీబీ ర్యామ్‌ను ఒకే స్టిక్‌గా కాకుండా 8 జీబీవి రెండు తీసుకోండి. ప్రాసెసర్‌కు మెమరీతో రెండు దారులు ఏర్పడతాయి. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆడేవారికైతే ఈ తేడా చాలా ఎక్కువ. నాలుగు స్లాట్లున్న బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. బోర్డు పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపిస్తారు.

ఎస్‌ఎస్‌డీ లేని పీసీ ఇప్పుడు ఆలోచించదగ్గది కాదు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కదానికే 150 జీబీ జాగా కావాలి. 500 జీబీలో విండోస్, చదువుకు వాడే సాఫ్ట్‌వేర్లు పోను రెండు మూడు పెద్ద గేములకే చోటు. వీలైతే 1 టీబీ తీసుకోండి. కుదరకపోతే రెండో ఎం.2 స్లాట్ ఉన్న బోర్డును ఎంచుకుని, తర్వాత కలుపుకోండి.

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమా?

ఇప్పుడు అసలు బోయీ దగ్గరికి వద్దాం. గోడ నుంచి వచ్చే కరెంటును లోపలి భాగాలకు సరిపడా మార్చి పంచేది ఎస్‌ఎంపీఎస్. మిగతా ఆరు భాగాల ప్రాణం దాని చేతిలో ఉంటుంది. అయినా ‘క్యాబినెట్‌తోపాటు ఫ్రీగా వస్తుంది’ అంటే సంబరపడిపోయేవాళ్లే ఎక్కువ. ఊరూపేరూ లేని ఎస్‌ఎంపీఎస్ మీద 500 వాట్లని రాసి ఉన్నంత మాత్రాన అది అంత లోడు మోస్తుందని నమ్మకం లేదు. అది కాలిపోతూ పక్కనున్న కార్డునూ బోర్డునూ తీసుకుపోయిందంటే, మిగుల్చుకున్న రెండు వేలకు దాదాపు ముప్పై వేలు నష్టం.

ఎంత వాట్లు కావాలో మీరే లెక్కేయొచ్చు. ఆర్‌ఎక్స్ 6600కి 132. రైజెన్ 5 5600 గట్టిగా పనిచేస్తే దాదాపు 76. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఓ 50. మొత్తం 260 దగ్గర. కాబట్టి పేరున్న సంస్థ నుంచి 450 లేదా 550 వాట్లది తీసుకుంటే చాలు. 750 అక్కర్లేదు. ఆర్‌టీఎక్స్ 4060కి కూడా ఎన్విడియా అడిగేది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్సే.

‘80 ప్లస్ బ్రాంజ్’ ముద్ర ఉండటం మంచిదే. అయితే ఆ ముద్ర కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెబుతుంది, లోపలి రక్షణ ఏర్పాట్ల గురించి పూచీ ఇవ్వదు. అందుకే వారంటీ కూడా చూడండి. మంచి మోడళ్లకు సంస్థలు 5 ఏళ్లు, ఆపైన ఇస్తాయి. అన్నట్టు, ఇంట్లో మూడు పిన్నుల సాకెట్‌కు ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి. ఎంత మంచి ఎస్‌ఎంపీఎస్సయినా ఎర్తింగ్ లేనిచోట ఏం చేస్తుంది?

క్యాబినెట్‌కు ముందువైపు గాలి లోపలికి వచ్చే జాలీ ఉండాలి. ముందంతా గాజుపలక మూసేసి, వెనక లైట్లు వెలిగేవి చూడ్డానికి బాగుంటాయి. మన మే నెల ఎండల్లో మాత్రం లోపలివాటికి ఉక్కపోతే. కార్డు పొడవు అందులో పడుతుందో లేదో మిల్లీమీటర్లలో సరిచూసుకోండి.

పరీక్షరోజు పీసీ నిలబడుతుందా?

కంపెనీల ఆన్‌లైన్ పరీక్షలు చాలావరకు కెమెరా నిఘాలోనే జరుగుతాయి. ల్యాప్‌టాప్‌లో కెమెరా, మైకు, వైఫై, బ్యాటరీ అన్నీ ఉంటాయి. డెస్క్‌టాప్‌లో ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండకపోవచ్చు. పరీక్ష లింకు వచ్చిన రాత్రి వెబ్‌క్యామ్ కోసం షాపులు వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఫోన్‌నే కెమెరాగా వాడుకుందామంటే కొన్ని పరీక్షల సాఫ్ట్‌వేర్లు దాన్ని ఒప్పుకోవు.

అన్నిటికన్నా ముఖ్యం కరెంటు. కోడింగ్ రౌండు సగంలో ఉండగా ఒక్క రెప్పపాటు కరెంటు పోయినా డెస్క్‌టాప్ ఆగిపోతుంది. సాధారణంగా దొరికే 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లు మోయగలదు. పైన లెక్కేసిన పీసీకి, మానిటర్‌కు అది సరిపోతుంది. గేమ్ నడుస్తుంటే కొద్ది నిమిషాలే నిలబెడుతుంది. పరీక్ష రాసేటప్పుడు లోడు తక్కువ కాబట్టి ఇంకాస్త ఎక్కువసేపు ఆదుకుంటుంది. ఇక్కడ చాలామంది మరచిపోయేది రౌటర్. పీసీ వెలుగుతూనే ఉండి నెట్ పోతే ఏం లాభం? రౌటర్‌నూ యూపీఎస్‌కే కలపండి. ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి.

ఆపరేటింగ్ సిస్టమ్ సంగతీ తేల్చుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి. పైన చెప్పిన ప్రాసెసర్లన్నిటిలో అది ఉంది, బయాస్‌లో ఆన్ చేసుకోవాలంతే. విండోస్ 11లో వాలొరెంట్ ఆడాలన్నా టీపీఎం, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండాలి. లైసెన్సు ఖర్చు భారమనిపిస్తే మీ కాలేజీ ద్వారా విద్యార్థులకు ఏమైనా దొరుకుతుందేమో అడగండి. లినక్స్ ఉచితం, దానిమీద స్టీమ్ గేములు చాలా నడుస్తాయి. వాలొరెంట్ మాత్రం నడవదు. క్రాక్ చేసిన విండోస్ వద్దు. దాంతోపాటు ఏ వైరస్ వస్తుందో తెలియదు. మీ బ్యాంకు లాగిన్, కంపెనీకి పంపే ఫైళ్లు ఉండేది అందులోనే.

డబ్బు ఒకేసారి లేకపోతే..

అప్పు చేయొద్దు, ఈఎంఐల్లో ఇరుక్కోవద్దు. రెండు విడతల్లో కట్టుకోండి. మొదటి విడతలో సొంత గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ తీసుకోండి. ఏఎం4లో రైజెన్ 5 5600జీ, ఏఎం5లో రైజెన్ 5 8600జీ అలాంటివే. చదువు సాగుతుంది, వాలొరెంట్ లాంటి తేలికపాటి గేములు నడుస్తాయి. గ్రాఫిక్స్ కార్డు వాటాను బ్యాంకులోనే ఉంచి, సమకూరినప్పుడు కొనండి. ఎస్‌ఎంపీఎస్ మాత్రం రేపటి కార్డును మోయగలిగేదే ఇప్పుడే తీసుకోండి.

ఈ దారిలో ఒక మెలిక ఉంది. 5600జీ, 5600 పేర్లు దగ్గరే అయినా 5600జీలో ఎల్3 క్యాష్ సగమే. దానికి పీసీఐఈ కూడా 3.0నే. రేపు కార్డు పెట్టాక 5600 కంటే కాస్త వెనకబడుతుంది. రెండు మూడు నెలల్లోనే కార్డు కొనగలరనుకుంటే అప్పటిదాకా ఆగి 5600తోనే కట్టడం లాభం. ఏడాది పడుతుందనుకుంటే 5600జీ సరైనది.

సెకండ్‌హ్యాండ్ కార్డులు కూడా ఒక దారే. 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాని మైనింగ్ ఆగిపోయింది. ఆ పనికి రాత్రింబవళ్లు తిరిగిన కార్డులు బోలెడన్ని పాత సరుకు మార్కెట్లోకి వచ్చాయి. కొనేముందు మీ కళ్లెదుటే పావుగంట గేమ్ నడిపించమనండి. ఫ్యాన్ల శబ్దం, వేడి గమనించండి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూడండి. పేరు మార్చి అమ్మే నకిలీ కార్డులను చాలావరకు అది పట్టేస్తుంది. పాత సర్వర్ల జియాన్ ప్రాసెసర్లతో ‘ఎన్నో కోర్లు, ఎంతో చవక’ అంటూ వచ్చే సెట్ల జోలికి వెళ్లకండి. వాటిలో చాలావాటిని విండోస్ 11 గుర్తించదు, బోర్డు చెడితే దిక్కుండదు. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం ఎప్పుడూ పాతది కొనొద్దు.

బేరానికి వెళ్లేరోజు

జాబితా సిద్ధమయ్యాక పీసీపార్ట్‌పికర్ లాంటి సైట్‌లో పెట్టి చూడండి. సాకెట్లు, కొలతలు, వాట్లు ఎక్కడ పొసగడం లేదో చెప్పేస్తుంది. తర్వాత రెండు ఆన్‌లైన్ ధరలు, రెండు షాపు ధరలు రాసుకోండి. హైదరాబాద్ వాళ్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనమంతా పిలిచే సీటీసీ ఉండనే ఉంది. చెన్నైలో చదివేవారికి రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్డు. మొదటి షాపులోనే డబ్బు తీయకండి. ‘ఆ మోడల్ లేదు, ఇది దానికన్నా బెటర్’ అంటే ఆ మోడల్ పేరు రాసుకుని బయటికొచ్చి వెతికి చూడండి. మొహమాటం పడితే మోడల్ మారిపోతుంది.

‘బిల్లు వద్దంటే తగ్గిస్తాం’ అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశ పుడుతుంది. ఆ బిల్లే రేపు మీ వారంటీకి ఆధారం. బాక్సులో వచ్చే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు 3 ఏళ్ల వారంటీ ఉంటుంది. ఒక్కో భాగం సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. విడి ట్రేలో వచ్చిన ప్రాసెసర్ ఇస్తామంటే వారంటీ ఎవరిది, కూలర్ వస్తుందా అని అడిగాకే ఒప్పుకోండి. ప్రాసెసర్ తీసుకునేటప్పుడు పిన్నులు చూడండి. ఏఎం4లో అవి ప్రాసెసర్‌కే ఉంటాయి. ఏఎం5లో, ఎల్‌జీఏ 1700లో బోర్డుకు ఉంటాయి. వంగిన పిన్నుకు వారంటీ రాదు.

బిగించే రోజు

తొందరపడకుండా ఒక పూట కేటాయించుకోండి. స్క్రూడ్రైవర్ ఒకటి చాలు. ఈ తనిఖీలు మాత్రం మరవొద్దు.

- ఒంట్లోని స్థిరవిద్యుత్తు పోయేలా మధ్యమధ్యలో లోహపు వస్తువును ముట్టుకోండి. తివాచీ మీద కూర్చుని బిగించొద్దు.
- ప్రాసెసర్ మూల ఉన్న చిన్న త్రికోణం, సాకెట్ మీది త్రికోణం ఒకే మూలకు రావాలి. నొక్కొద్దు, దానంతటదే కూర్చుంటుంది.
- బోర్డును క్యాబినెట్‌లో పెట్టకముందే దాని అట్టపెట్టె మీద ఉంచి ఒకసారి ఆన్ చేసి చూడండి. తప్పుంటే అక్కడే దొరుకుతుంది.
- ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే 8 పిన్నుల కేబుళ్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మీద రాసింది చదివి పెట్టండి. వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు దీనికి వాడొద్దు.
- మానిటర్ కేబుల్‌ను బోర్డుకు కాదు, గ్రాఫిక్స్ కార్డుకు తగిలించండి.
- బయాస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయండి. లేకపోతే 3200 వేగం ర్యామ్ 2400, 2666 దగ్గరే ఆగిపోవచ్చు.
- 144 హెర్ట్జ్ మానిటర్ కొంటే విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో ఆ వేగాన్ని ఎంచుకోండి. ఇది తెలియక 60 మీదే ఆడుతూ ఉండిపోయేవారున్నారు.

తెర మీద ఏమీ రాకపోతే కంగారొద్దు. పవర్ తీసేసి, ర్యామ్ స్టిక్‌లు బయటికి తీసి క్లిక్‌మనేదాకా మళ్లీ నొక్కండి. చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

ఇంటర్వ్యూలో ఇదే మాట

సొంత పీసీ కట్టడాన్ని రెజ్యూమెలో ప్రాజెక్టుగా రాయాల్సిన పనిలేదు. ఐటీ సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్, హార్డ్‌వేర్ ఉద్యోగాలకైతే ఒక లైను రాయొచ్చు. అయితే ‘పరిమిత వనరులతో మీరు తీసుకున్న ఒక నిర్ణయం చెప్పండి’ అనే ప్రశ్న ఏ ఇంటర్వ్యూలోనైనా రావచ్చు. ‘నాకు 75 వేలే ఉన్నాయి. మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు ఉంది కాబట్టి ఫ్రేములు కాస్త తగ్గినా ఫలానా కార్డు తీసుకున్నా. ర్యామ్ ధర పెరిగితే క్యాబినెట్, ప్రాసెసర్‌లలో తగ్గించా. ఎస్‌ఎంపీఎస్ తగ్గించలేదు, ఎందుకంటే..’ అని చెప్పగలిగితే అవతలివారికి కనిపించేది మీ ఆలోచన తీరు. అవసరం, పరిమితి, ఎంపిక, దాని పరీక్ష. ఇంజినీరింగ్ అంటే ఇదే కదా.

అందుకే ఆ కాగితాన్ని పారేయకండి. ప్రతి భాగం పక్కన ‘ఇది ఎందుకు?’ అని ఒక్క వాక్యం రాయండి. ‘వీడియోలో బాగుందన్నారు’ తప్ప ఇంకేమీ తట్టని చోట ఆగండి. ఆ భాగం మీద ఇంకో రెండు రోజులు వెచ్చించాకే షాపుకెళ్లండి.